అడుగులు లెక్కపెట్టిన వంటిల్లు

“వంటిల్లు మార్పిద్దామనుకుంటున్నామండీ” అని ఎవరైనా అన్నారంటే మన నోట వచ్చే మొదటి ప్రశ్న “టైల్స్ ఏ రంగు?” అని. రెండోది “గట్టుకు గ్రానైట్ వేయిస్తున్నారా, పాత కడపరాయే వుంచేస్తున్నారా?” అని. మూడోది ఎలాగూ “ఎంతవుతుందిట?” అంతే. “రోజుకు ఆ వంటింట్లో ఎన్నడుగులు నడుస్తున్నావమ్మా?” అని మాత్రం ఎవరూ అడగరు. మేస్త్రీ అడగడు. ఇంటాయన అడగడు. ఆ నడిచే ఆవిడ కూడా తనను తాను అడుక్కోదు.

కానీ ఈ ప్రశ్నకు నూటయాభై ఏళ్లకు పైబడిన చరిత్ర వుంది. మన ఫ్లాట్లలో రైలుపెట్టెలా పొడుగ్గా, సన్నగా, అటో గట్టు ఇటో గట్టు, మధ్యన ఒక మనిషి తిరిగేంత సందు, చివర ఓ కిటికీయో, అంట్లు తోముకునే బాల్కనీయో వుండే వంటిల్లు వుంటుంది చూశారూ, అది ఆ ప్రశ్నకు పుట్టిన బిడ్డే. ఇంగ్లీషులో దీన్ని గ్యాలీ కిచెన్ అంటారు. గ్యాలీ అంటే ఓడలో వంటగది. ఓడ ఎక్కడ, మన మూడో అంతస్తు వంటిల్లు ఎక్కడ అనిపిస్తుంది గాని, చుట్టరికం నిజమే.

ముందు మన పాత వంటిల్లు ఒకసారి తలుచుకుందాం. ఆగ్నేయం మూల పొయ్యి, పొగచూరిన దూలాలు, ఉట్టి, గోడకు గూళ్లు, ఓ పక్క రోలు, అటక మీద జాడీలు. పనంతా నేలమీదే. కూర తరగాలంటే కత్తిపీట ముందేసుకు కూర్చోవాలి, పప్పు రుబ్బాలంటే రోటి ముందు చతికిలబడాలి. ఏదన్నా వస్తువు కావాలంటే లేవాలి, మళ్లీ కూర్చోవాలి. ఆ లేవడం కూర్చోవడం లెక్కవేస్తే పెద్ద వ్యాయామమే. కాకపోతే ఆ వంటింట్లో ఆడది ఒంటరిగా వుండేది కాదు. అత్తగారో, తోడికోడలో, వితంతువైన మేనత్తో ఎవరో ఒకరు వుండేవారు. ఒకరు తరిగితే ఒకరు రుబ్బేవారు, ఒకరు పోపు వేసేవారు. వాళ్లమధ్య ప్రేమే పొంగిపొర్లేదని నేననను. పొయ్యిమీద పాలకంటే ముందు మాటలు పొంగిన ఇళ్లు నాకు తెలుసు. అయినా మనిషికి మనిషి సాయం అక్కడ వుండేది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తర్వాత దీనితో పని వుంది.

ఇక ఓడ సంగతి. 1869లో అమెరికాలో అక్కచెల్లెళ్లిద్దరు కలిసి ఇల్లు నడుపుకోవడం మీద ఓ లావుపాటి పుస్తకం రాశారు. చెల్లెలి పేరు మనకు తెలిసిందే, ‘అంకుల్ టామ్స్ కేబిన్’ రాసిన హారియట్ బీచర్ స్టో. అక్క పేరు కేథరిన్ బీచర్. బానిసలూ నౌకర్లూ లేకుండా ఇల్లాలు తన ఇంటిపని తనే ఎలా చేసుకోగలదు అన్నది ఆవిడ పట్టుకున్న విషయం. ఆవిరి ఓడలో వంటవాడు గుప్పెడంత గదిలో నిలబడి రెండొందల మందికి వండుతున్నాడు, కావలసినదల్లా రెండడుగుల్లో అందుతోంది, మన ఇళ్లలో మాత్రం పిండి ఒక గదిలో, నీళ్లు ఒక గదిలో, పొయ్యి ఇంకో గదిలోనా అని ఆవిడ నిలదీసింది. బొమ్మ కూడా గీసింది. కిటికీ కింద పనిబల్ల, బల్ల కిందే పిండి డబ్బా, పక్కనే నీళ్లతొట్టి. పొయ్యి వేడి తగలకుండా మధ్యన జరిపే అద్దాల తలుపులు. ఇంకో సంగతి చెప్పకుండా వుండలేను. కేథరిన్ బీచర్ పెళ్లి చేసుకోలేదు. ఆవిడకు నిశ్చయమైన వరుడు 1822లో ఓడ మునిగి చనిపోయాడు. ఓడ పేరెత్తితేనే మొహం తిప్పుకోవలసిన మనిషి, వంటింటికి ఒరవడి ఓడలో వెతుక్కుంది. నేను నవలలో రాస్తే “మరీ కల్పనగా వుందండీ” అని మీరే ఉత్తరాలు రాస్తారు.

తర్వాత నలభై ఏళ్లకు క్రిస్టీన్ ఫ్రెడరిక్ వచ్చింది. ఈవిడ పిల్లల తల్లి, ఇల్లాలు. భర్తా, ఆయన స్నేహితులూ హాల్లో కూర్చుని ఫ్యాక్టరీల కబుర్లు చెప్పుకుంటుంటే ఈవిడ వినేది. ఇటుకలు పేర్చే తాపీపనివాడి చేతి కదలికలు లెక్కపెట్టి, ఒక్కో ఇటుకకు 18 కదలికల్ని 5కు తగ్గించారట అని వాళ్లు అబ్బురపడుతుంటే, ఈవిడకు వంటింట్లో అంట్ల తొట్టి గుర్తొచ్చింది. గిన్నెలు కడగడం ఒక్కదానిలోనే తాను 80 అనవసరపు కదలికలు చేస్తున్నట్టు తేల్చుకుంది. తొట్టి తన ఎత్తుకు తగ్గట్టు లేకపోవడంవల్ల నడుం వంగిపోతోందని కనిపెట్టింది. 1912లో అమెరికా ఆడవాళ్ల పత్రికలో వరుసగా వ్యాసాలు రాసింది, మరుసటేడు పుస్తకం వేసింది. అందులో రెండు వంటిళ్ల బొమ్మలున్నాయి. రెండింట్లోనూ వున్న సామానొకటే. ఒకదానిలో ఇల్లాలు నడిచిన దారులు గీస్తే పిల్లి ఆడుకున్న నూలుబంతిలా వుంది. రెండోదానిలో తిన్నగా ఓ చుట్టు తిరిగివస్తే వంటయిపోతుంది. నన్నడిగితే వంటింటి చరిత్రలో ఇంతకంటే గొప్ప బొమ్మ లేదు. (ఆ తర్వాత ఆవిడే ఆడవాళ్లకు సరుకులెలా అమ్మాలో వ్యాపారులకు పాఠాలు చెబుతూ మరో పుస్తకం రాసింది. అదలా వుంచండి.)

ఈ పుస్తకం 1920లలో జర్మన్ భాషలోకి వెళ్లింది. వియన్నాలో ఒక అమ్మాయి దాన్ని చదివింది.

మార్గరెటె లిహోట్స్కీ 1897లో వియన్నాలో పుట్టింది. భవనాలు కట్టే చదువు చదువుతానంది. ఆడపిల్లకు ఎవరు ఇల్లు కట్టే పని అప్పగిస్తారని ఇంట్లోనూ బడిలోనూ కూడా సందేహమే. తల్లి తన స్నేహితురాలి ద్వారా ప్రసిద్ధ చిత్రకారుడు గుస్తావ్ క్లిమ్ట్ చేత సిఫారసు ఉత్తరం రాయించిందట. సిఫారసు ఉత్తరాలు మనదేశంలోనే పుట్టాయనుకుంటాం పాపం. చివరికి ఆ కళాశాలలో ఆర్కిటెక్చర్ చదివిన మొదటి ఆడపిల్ల అయింది. 1917లో శ్రామికుల ఇళ్ల నమూనాల పోటీ పెడితే, బొమ్మ గీసేముందు వెళ్లి వాళ్లెలా బతుకుతున్నారో చూసి రమ్మన్నాడు గురువు. వెళ్లింది. చీకటి గదుల్లో, ఒక్కో గదిలో ఎందరెందరో. చూసి వచ్చి గీసిన బొమ్మకు బహుమతి వచ్చింది. ఆ చూసివచ్చినదే ఆవిడ బతుకంతా వెంట వుందనిపిస్తుంది నాకు.

1925లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి ఎర్నస్ట్ మై అనే ఆర్కిటెక్టు నిర్మాణశాఖ అధిపతిగా వచ్చాడు. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక అక్కడ ఇళ్లకు కరువు. అయిదేళ్లలో పన్నెండు వేలకు పైగా ఇళ్లు కట్టించాడాయన. చిన్న జీతగాళ్లకు, అద్దెకు. ఆయన పిలుపుమీద 1926లో లిహోట్స్కీ వియన్నా నుంచి వచ్చింది. అప్పటికామెకు 29 ఏళ్లు. ఇన్ని వేల ఇళ్లకు పనికొచ్చేలా వంటిల్లు ఎలా వుండాలో తేల్చే పని ఆమె చేతికి వచ్చింది.

అప్పటిదాకా అక్కడి శ్రామికుల ఇళ్లలో వంటా, తిండీ, పిల్లల చదువూ, బట్టలుతకడం, కొందరి పడక కూడా ఒకే గదిలో. చలిదేశం కాబట్టి బొగ్గుపొయ్యి చుట్టూనే సంసారం. వంటను ఆ గదిలోంచి విడదీసి, చిన్నదే అయినా తనకంటూ ఓ గది ఇవ్వాలనుకున్నారు. పొగా ఆవిరీ లేని గదిలో మనుషులు కూర్చుంటారని ఒక కారణం, చిన్న వంటిల్లయితే ఖర్చు కలిసొస్తుందని ఇంకో కారణం. రెండోదాన్ని దాచుకోనక్కర్లేదు, మన బిల్డర్లకు నచ్చేదీ అదేగా!

ఆవిడ ఎక్కడెక్కడ వెతికిందో చూడండి. రైళ్లలో భోజనాల పెట్టెకు వెళ్లి అక్కడి వంటగదిని పరిశీలించింది. ఇద్దరు ముగ్గురు మనుషులు అంత ఇరుకులో బండెడు జనానికి ఎలా వండి వడ్డిస్తున్నారా అని. గడియారం పెట్టుకుని ఏ పనికి ఎంతసేపు పడుతోందో లెక్కవేసింది. చివరికి తేల్చిన గది సుమారు ఆరుంబావు అడుగుల వెడల్పు, పదకొండడుగుల పొడవు. కొలత అడుగులూ, నడిచే అడుగులూ మన భాషలో ఒకే మాట కావడం ఎంత బాగుందో ఇక్కడ తెలుస్తుంది. ఆవిడ మొదటివి తగ్గించింది, రెండోవాటిని తగ్గించడానికి.

ఆ చిన్న గదిలో పెట్టినవి వింటే మీకు ముచ్చటేస్తుంది. చివర గోడకు కిటికీ, కిటికీ కిందే తరుగుడు బల్ల. వెలుతురు సూటిగా చేతులమీద పడాలని. బల్ల ముందు ఎత్తు సర్దుకునే తిరుగుడు స్టూలు, కూర్చునే పని చేసుకోవాలని. బల్లలోనే ఒక కంత, కింద సొరుగు. తొక్కలూ కాడలూ అలా చేత్తో తోసేస్తే సొరుగులో పడతాయి, తర్వాత దాన్ని లాగి పారబోసుకోవచ్చు. బల్లకు బీచ్ కర్ర వాడారు, కత్తిగాట్లకూ పులుపు మరకలకూ ఓరుస్తుందని. పిండికి ఓక్ కర్ర పెట్టె, ఆ కర్రలో వుండే గుణానికి పురుగు పట్టదని. పప్పుకు వేపాకు వేసే మనకు ఈ తెలివి కొత్త కాదు. గిన్నెలు కడిగి పెడితే వాటంతటవే ఓడి ఆరిపోయే అర. గోడకు మడిచిపెట్టిన ఇస్త్రీబల్ల. పైకప్పుకు పట్టా వేసి అటూ ఇటూ జరుపుకునే దీపం. చెక్కసామానుకు నీలిఆకుపచ్చ రంగు, ఈగలు నీలం మీద వాలవని అప్పటి పరిశోధకులు చెప్పారని.

అన్నిటికంటే నాకు నచ్చినవి అల్యూమినియం సొరుగులు. మామూలు నమూనాలో 18. ఒక్కోదానికీ పిడి వుంటుంది, చివర కోసు మూతి వుంటుంది. బియ్యం, పంచదార, సేమ్యా లాంటివి పోసి, కావలసినప్పుడు సొరుగు లాగి నేరుగా గిన్నెలోకి వంచేయడమే. డబ్బా దింపి, మూత తీసి, గరిటె వెతికి, మళ్లీ మూత పెట్టే బాధ లేదు. మీద పేర్లు కూడా ముద్రించి వుంటాయి. మన పోపులపెట్టెను గోడంత చేసి నిలబెట్టారనుకోండి, అదీ సంగతి.

పొయ్యి దగ్గర నుంచి పక్కగదిలో భోజనాల బల్ల దాకా పది అడుగుల దూరమే. మధ్యన వెడల్పాటి జరుపుడు తలుపు. అది తెరిచి వుంచితే వండుకుంటూనే పిల్లల్ని కనిపెట్టుకోవచ్చు. ఈ తలుపు సంగతి కూడా గుర్తుంచుకోండి.

ఇలాంటివి ఫ్రాంక్‌ఫర్ట్ పేటల్లో సుమారు పదివేల వంటిళ్లు అమర్చారు. ఖర్చు విడిగా అడక్కుండా అద్దెలో కలిపారు. దాన్నే ‘ఫ్రాంక్‌ఫర్ట్ వంటిల్లు’ అంటారు. లోకంలో ఇవాళ మనం చూస్తున్న బిగించిన అలమరల వంటిళ్లన్నీ వంశవృక్షం వెతుక్కుంటే దాని దగ్గరికే వెళతాయి. ఆడది గీసింది కాబట్టి వంట తెలిసి గీసిందని అప్పటి పత్రికలు మెచ్చుకున్నాయి. ఆవిడ తర్వాత నవ్వుతూ చెప్పిందేమిటంటే, అది గీసేనాటికి తనకు వంటే రాదట, ఇల్లు నడిపిన అనుభవమే లేదట. పెళ్లికాని కేథరిన్ బీచర్, వంట రాని లిహోట్స్కీ... ఇంకొకరున్నారు, లిలియన్ గిల్‌బ్రెత్. ఇటుకల కదలికలు లెక్కపెట్టిన ఇంజనీరుగారి భార్య, స్వయంగా పెద్ద చదువు చదివినావిడ, పన్నెండుమంది పిల్లల తల్లి. 1924లో భర్త పోయాక కుటుంబాన్ని తన సంపాదన మీదే నెట్టుకొచ్చింది. ఒక స్ట్రాబెర్రీ కేకు తయారుచేయడానికి పడే 281 అడుగుల్ని, సామాను చోట్లు మార్చి, 45కు తగ్గించి చూపించింది. ఇంట్లో వంటపని మాత్రం మనుషుల్ని పెట్టుకుని చేయించేది. వంటలో మునిగిపోయిన మనిషికి తన అడుగులు లెక్కపెట్టుకునే తీరిక ఎక్కడిది? బయట నిలబడిన మనిషికే ఆ కళ్లుంటాయి కాబోలు.

బయట నిలబడినందుకు నష్టం కూడా వచ్చింది. ఆ ఇళ్లలోకి వచ్చిన ఆడవాళ్లు మొదట్లో తిట్టుకున్నారు. పుట్టింటినుంచి తెచ్చుకున్న అలమర పెట్టుకునే చోటు లేదు. పిల్లలకు సొరుగులు సరిగ్గా చేతికందే ఎత్తులో వున్నాయి, ఇంకేముంది, పంచదారంతా నేలమీద. ‘బియ్యం’ అని రాసి వున్న సొరుగులో ఇంకేదో పోసుకున్నారు. ఏ ఇల్లాలి సామాను ఆవిడది, పేర్లు ముద్రించి ఇస్తే కుదురుతుందా! ఇవన్నీ చిన్న చిన్నవి. అసలు ఫిర్యాదు వేరు. ఆ వంటింట్లో ఒక్క మనిషే పనిచేయగలదు. రెండో మనిషి వస్తే ఒకరినొకరు ఒరుసుకోవాలి. కూతురు వచ్చి పక్కన నిలబడి ఉల్లిపాయ వలవడానికి లేదు. భర్త సాయం చేద్దామనుకున్నా చోటు లేదు, ఆయనకదో మంచి సాకు. సాయంచేసే మనిషి వుండే ఇళ్లకు కాస్త పెద్ద నమూనాలు కూడా లిహోట్స్కీ గీసింది గాని, ఎక్కువగా కట్టింది ఈ ఒంటిమనిషి వంటిల్లే.

తర్వాతి స్త్రీవాదులు దీనిమీద గట్టిగానే విరుచుకుపడ్డారు, ఇది ఆడదాన్ని ఒక గూట్లో కూర్చోబెట్టడమేనన్నారు. ఆవిడ వుద్దేశం మాత్రం సరిగ్గా దానికి ఎదురు. పని తొందరగా తెమిలితే ఆడది ఉద్యోగానికి వెళుతుంది, చదువుకుంటుంది, తనకంటూ నాలుగు గంటలు మిగుల్చుకుంటుంది అనుకుంది. నాకు ఇద్దరి మాటలోనూ నిజం కనిపిస్తుంది. కొట్టేసిన తలుపు దగ్గరే పేచీ అంతా. జర్మనీ నుంచి ఈ నమూనా స్వీడన్‌కూ, హాలెండుకూ, అమెరికాకూ, రెండో యుద్ధం తర్వాత లోకమంతటికీ పాకింది. పాకిన ప్రతిచోటా సన్నటి గది మిగిలింది, ఆ వెడల్పాటి తలుపు పోయింది. స్టూలు పోయింది. జరిగే దీపం పోయింది. ఇరుకును మాత్రం అందరూ భద్రంగా అందిపుచ్చుకున్నారు, అది చవక కాబట్టి.

మిగిలిన ఆ గంటలు మరి ఏమయ్యాయి? రూత్ ష్వార్జ్ కోవన్ అనే అమెరికన్ చరిత్రకారిణి 1983లో దీనిమీదే ఓ పుస్తకం రాసింది. యంత్రాలు ఇంటిపనిలో తగ్గించింది ఎక్కువగా మగవాళ్లూ, పిల్లలూ, నౌకర్లూ చేసే పనుల్నేగాని ఇల్లాలి పనిని కాదని ఆవిడ వాదం. ఇనుపపొయ్యి వచ్చాక మగవాడు కట్టెలు కొట్టే పని తగ్గింది, ఆడదానికి మాత్రం ఒక కూర చోట మూడు కూరలు వండే పని పెరిగింది. మనిళ్లలో చూసుకోండి. కట్టెలు చీల్చడం, నీళ్లు చేదడం, పిండిమరకు మోసుకెళ్లడం చాలా ఇళ్లలో మగవాళ్లూ, కుర్రాళ్లూ, పాలేళ్లూ చేసేవారు. గ్యాస్‌బండ వచ్చింది, కొళాయి వచ్చింది, వాళ్ల పనులు పోయాయి. మిక్సీ వచ్చాక రుబ్బడం తేలికయింది, నిజమే. కాని అందువల్ల రోజూ రెండు పచ్చళ్లు ఎందుకుండకూడదన్న ఆలోచన కూడా వచ్చింది!

లిహోట్స్కీ తర్వాతి కథ వంటింటిది కాదు, అయినా చెప్పకుండా ముందుకు పోలేను. 1927లో తోటి ఆర్కిటెక్టు విల్‌హెల్మ్ షూటెను పెళ్లి చేసుకుంది. 1930లో ఎర్నస్ట్ మై బృందంతో సోవియట్ రష్యా వెళ్లి కొత్త పట్టణాల్లో పిల్లల బడులకు నమూనాలు గీసింది. తర్వాత టర్కీ. హిట్లర్ ఆస్ట్రియాను మింగేశాక, క్షేమంగా ఇస్తాంబుల్‌లో వున్న మనిషి, నాజీ వ్యతిరేక రహస్యోద్యమం పనిమీద 1940 డిసెంబరులో తిరిగి వియన్నా వచ్చింది. నెల తిరక్కముందే గెస్టపో పట్టుకుంది. తోటివాళ్లలో కొందరికి మరణశిక్ష పడింది. ఆవిడకు 15 ఏళ్ల జైలు. 1945 ఏప్రిల్‌లో అమెరికన్ సైన్యం జైలు తలుపులు తీసేదాకా అందులోనే వుంది. యుద్ధం అయ్యాకనైనా మంచిరోజులు వచ్చాయా అంటే, కమ్యూనిస్టని సొంత వూళ్లో ప్రభుత్వ పనులు పెద్దగా ఇవ్వలేదు. ముసలితనంలో గౌరవాలు వచ్చిపడ్డాయి. 1988లో ఒక బిరుదు ఇస్తామంటే, నాజీల కాలంలో సైన్యంలో చేసిన పనిమీద వివాదంలో వున్న అధ్యక్షుడు వాల్డ్‌హైమ్ చేతిమీదుగా పుచ్చుకోనంది. నూరో పుట్టినరోజు సభలో వియన్నా మేయరుతో వాల్ట్జ్ నృత్యం చేసింది. 2000 జనవరిలో, 103వ పుట్టినరోజు అయిదు రోజులుందనగా కన్నుమూసింది. ఇంత బతికినావిడను అందరూ వంటింటి గురించే అడిగేవారట. అందరూ దాని గురించే మాట్లాడతారని ముందే తెలిసుంటే ఆ పాడు వంటిల్లు గీసేదాన్నే కాదని విసుక్కుందిట కూడా.

ఆ వంటిళ్ల గతి కూడా తమాషాయే. 1960, 70లలో జనం వాటిని పీకి పారేశారు. ఇప్పుడు ఒకటి న్యూయార్కు ఆధునిక కళల మ్యూజియంలో, ఒకటి లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వున్నాయి. ఆ అల్యూమినియం సొరుగుల్ని పాతసామాను కొట్లలో వెతికి కొనుక్కునేవాళ్లున్నారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో రోమర్‌స్టాట్ అనే పేటలో ఒక ఇంటిని అప్పటిలాగే సర్ది చూపిస్తున్నారు.

సరే, మ్యూజియాలు వాళ్లకుండనివ్వండి. మన సన్నటి వంటిల్లు మార్పించుకునేటప్పుడు ఆవిడ దగ్గర తీసుకోదగ్గవి కొన్నున్నాయి, వదిలేయదగ్గవీ వున్నాయి.

టైల్స్ కొట్టుకు వెళ్లేముందు ఒక కాగితం తీసుకోండి. వంటిల్లు బొమ్మ గీయండి, అందం అక్కర్లేదు. పొయ్యి, కొళాయి, ఫ్రిజ్, బియ్యం డబ్బా, పోపులపెట్టె ఎక్కడున్నాయో గుర్తు పెట్టండి. పొద్దున కాఫీ పెట్టేటప్పుడు మీరు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్లారో పెన్సిలుతో గీతలు గీయండి. పాలకు ఫ్రిజ్ దగ్గరికి, డికాక్షన్‌కు ఇటు, పంచదారకు అటు, గ్లాసుల కోసం ఆ చివరికి, వడపోత కడగడానికి ఈ చివరికి. సగం గీతలు ఒకేచోట పదే పదే పడతాయి. అక్కడే వుంది మార్చవలసింది. గ్లాసులు చోటు మారితే చాలు, గోడ పగలగొట్టనక్కర్లేదు. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు 1940లలో ఓ లెక్క తేల్చారు. పొయ్యి, తొట్టి, ఫ్రిజ్ – ఈ మూడింటినీ కలిపే మూడు గీతలూ మొత్తం 26 అడుగులు దాటకూడదని. మన సన్నటి వంటిల్లు ఈ పరీక్షలో చక్కగా పాసవుతుంది. ఫ్రిజ్ తీసుకెళ్లి హాల్లో, దానిమీద బొమ్మా బొమ్మమీద గుడ్డా వేసి పెట్టుకుంటే తప్ప.

గట్టు ఎత్తు మేస్త్రీ అలవాటుకు వదలకండి. ఆయన వూరందరికీ ఒకే కొలత వేస్తాడు. అట్లకాడ పట్టుకుని నిలబడి, మోచేయి మడిస్తే దానికంటే జానెడు కిందికి గట్టు రావాలి. తొట్టి అంచు కాస్త పైకి వున్నా ఫరవాలేదు, దానిలో అడుగుకు వంగాలి కాబట్టి. పైన వేసిన ఒక్క ట్యూబులైటు మన వెనకనుంచి వచ్చి మన నీడే మన కత్తిమీద పడుతుంది. అలమర కింద అంచున చిన్న దీపాలు పెట్టించుకుంటే ఖర్చు తక్కువ, సుఖం ఎక్కువ. గట్టు కింద లోతైన అరలు వద్దు. వెనకనున్న డబ్బా తీయడానికి నేలమీద సాగిలపడి దండం పెట్టాలి. సొరుగులు పెట్టించుకోండి, కానీ వాటిమీద పేర్లు ముద్రించుకోకండి. స్టూలు తప్పక పెట్టుకోండి. మనవాళ్లు నేలమీంచి గట్టుమీదికి లేచాక, నిలబడే వండాలి అన్నది ఎవరు పెట్టిన శాస్త్రమో నాకు తెలీదు. కత్తిపీట రోజుల్లో మోకాళ్లు నొచ్చితే ఇప్పుడు మడమలు నొస్తున్నాయి. చిక్కుడుకాయలు ఈనెలు తీయడానికి నిలబడాలా?

హాలుకూ వంటింటికీ మధ్య గోడ మోతగోడ కాకపోతే సగం దాకా తీయించేయండి. మోతగోడో కాదో ఇంజనీరును అడిగి మరీ. పోపు ఘాటు హాల్లోకి వస్తుందని భయమైతే అద్దం పలకలు జరిపే తలుపు పెట్టుకోవచ్చు. బీచర్ పెట్టమన్నదీ, లిహోట్స్కీ పెట్టిందీ, బిల్డర్లు పీకేసిందీ అదే. పొయ్యి దగ్గరున్న మనిషికి హాల్లో నవ్వులు ఎందుకో తెలియాలి. హాల్లో వున్నవాళ్లకు వంటింట్లో ఇంకా ఏం పని మిగిలుందో కనబడాలి.

ఇక వదిలేయదగ్గది ఆ సందు వెడల్పు. ఒక మనిషికి మూడడుగులు చాలు. ఇద్దరు ఒకరినొకరు తగలకుండా తిరగాలంటే నాలుగడుగులుండాలి. నాలుగడుగులు ఎక్కడినుంచి తెస్తాం, గోడలు జరుగుతాయా అంటారా? మన ఫ్లాట్లలో వంటిల్లు ఏడడుగుల వెడల్పుందనుకోండి. రెండువైపులా రెండేసి అడుగుల గట్లు పోసి మధ్యలో మూడడుగులు వదులుతారు. పొయ్యీ తొట్టీ వున్నవైపు రెండడుగులు కావాలి, ఒప్పుకుంటాను. ఎదురువైపు ఎందుకు? అక్కడ మనం పెట్టేవి డబ్బాలూ, జాడీలూ, మిక్సీ. ఎంత పెద్ద కందిపప్పు డబ్బాకైనా అడుగు లోతు చాలు. ఆ వైపు గట్టు కొట్టించేసి, అడుగు లోతు అరలు వేయించి, నడుమెత్తున మడిచిపెట్టే పలక ఒకటి బిగిస్తే, ఏడులో మూడు పోను నాలుగు. పలక దించుకుంటే రెండో మనిషి అక్కడ స్టూలు వేసుకు కూర్చుని కొబ్బరి కోరవచ్చు. మేస్త్రీ మొదట ఒప్పుకోడు, రెండువైపులా గట్టుంటేనే లక్షణంగా వుంటుందమ్మా అంటాడు. కాగితం మీద గీతలు చూపించండి.